పాట మీదే... మరి యాప్ ఎవరిది?

2020లో గూగుల్ ప్లే మ్యూజిక్ ఆగిపోయింది. 2024లో గూగుల్ పాడ్‌కాస్ట్స్ ఆగిపోయింది. అదే ఏడాది ఎయిర్‌టెల్ వాళ్ల వింక్ మ్యూజిక్‌కీ తాళం పడింది. ఇవేమీ గల్లీ కంపెనీల యాప్‌లు కావు. డబ్బుల్లేక మూతపడినవి అంతకంటే కావు. కంపెనీ లెక్కలు మారాయి, అంతే.

యాప్ పోతే ఇంకోటి దించుకుంటాం, అదేం పెద్ద విషయం కాదు. దాంతోపాటు పోయేవే అసలువి. ఏళ్ల తరబడి కూర్చుకున్న ప్లేలిస్టులు, లైక్ కొట్టిన పాటలు, సగంలో ఆపిన ఎపిసోడ్లు. 'ఫలానా తేదీలోపు మీ డేటా దించుకోండి' అని ఒక మెయిల్ వస్తుంది. అలాంటి మెయిల్స్ మనం చదువుతామా? చదవం.

పాత ల్యాప్‌టాప్‌ని ఇంట్లో సర్వర్‌గా మార్చుకోవడం గురించి ఆ మధ్య ఈ కాలమ్‌లో రాశాను. అప్పటినుంచి ఎక్కువగా వస్తున్న ప్రశ్న ఒకటే: "పాటలకి, పాడ్‌కాస్ట్‌లకి ఏ యాప్ వేసుకోవాలి?" కొత్తగా చదువుతున్నవాళ్ల కోసం ఒక్క ముక్క. మీ పాటల ఫైల్స్ మీ ఇంట్లోని కంప్యూటర్లో ఉంటాయి. దానిమీద ఒక సాఫ్ట్‌వేర్ నడుస్తూ ఉంటుంది. మీరు బస్సులో ఉన్నా ఆఫీసులో ఉన్నా ఫోన్ నుంచి ఆ పాటలు వినొచ్చు. దీన్నే సెల్ఫ్ హోస్టింగ్ అంటారు. ఇంటికే ఒక సొంత స్పాటిఫై అనుకోండి.

ఓపెన్ సోర్స్‌లో ఇలాంటివి పది పైనే ఉన్నాయి. చాలామంది ఫీచర్ల పట్టిక ముందేసుకుని, ఎక్కువ టిక్కులున్నదాన్ని ఎంచుకుంటారు. నేనైతే ముందు 'రేపు ఈ సాఫ్ట్‌వేర్ ఆగిపోతే నా దగ్గర ఏం మిగుల్తుంది?' అని చూస్తాను. ఎందుకంటే ఓపెన్ సోర్స్ యాప్‌లు కూడా ఆగిపోతాయి.

సబ్‌సోనిక్ చెప్పే పాఠం

ఇంట్లో మ్యూజిక్ సర్వర్ అనే ఆలోచనని జనంలోకి తెచ్చినవాటిలో సబ్‌సోనిక్ ఒకటి. సిండ్రే మేహుస్ అనే డెవలపర్ తయారుచేశాడు. చాలాకాలం ఓపెన్ సోర్స్‌గానే ఉంది. 2016లో కోడ్‌ని మూసేశారు. అప్పటిదాకా బయట ఉన్న కోడ్ తీసుకుని కొందరు లిబ్రెసోనిక్ మొదలుపెట్టారు. 2017లో దాన్నుంచి ఎయిర్‌సోనిక్ వచ్చింది. కొన్నేళ్లకి అదీ నెమ్మదించి ఆగిపోయింది. మధ్యలో ఎయిర్‌సోనిక్ అడ్వాన్స్‌డ్ అని ఇంకో కొమ్మ వచ్చింది. ఈలోగా నావిడ్రోమ్ అనే కొత్త సర్వర్‌ని మొదట్నుంచీ వేరే కోడ్‌తో, గో లాంగ్వేజ్‌లో రాశారు.

చూడ్డానికి గందరగోళంగా ఉంది కదా? కానీ ఒక్క విషయం గమనించండి. ఇన్ని సర్వర్లు పుట్టి పోతున్నా, ఫోన్లలో ఉన్న ప్లేయర్ యాప్‌లు మాత్రం పనిచేస్తూనే ఉన్నాయి. కారణం, వీటన్నిటిదీ ఒకటే భాష. సర్వర్‌తో ఫోన్ ఎలా మాట్లాడాలో చెప్పే ఆ పద్ధతి పేరు సబ్‌సోనిక్ ఏపీఐ. సర్వర్ మారినప్పుడు ఫోన్లో అడ్రస్, పాస్‌వర్డ్ మారిస్తే చాలు. ఇప్పుడు సర్వర్లు రాసేవాళ్లు, యాప్‌లు రాసేవాళ్లు కలిసి ఓపెన్‌సబ్‌సోనిక్ పేరుతో ఆ పద్ధతినే పెంచుకుంటూ వెళ్తున్నారు.

వీడియోల వైపూ ఇదే జరిగింది. ఎంబీ అనే మీడియా సర్వర్ కోడ్‌ని మూసేస్తే, 2018 డిసెంబరులో దాన్నుంచే జెల్లీఫిన్ పుట్టింది. లైసెన్సు అలా పుట్టడానికి ఒప్పుకుంది కాబట్టే పుట్టింది.

అందుకే ఏ యాప్‌నైనా నేను మూడు ప్రశ్నలు అడుగుతాను.

ఒకటి, నా ఫైల్స్ ఎక్కడుంటాయి? నేను పెట్టిన ఫోల్డర్లో, నేను పెట్టిన పేర్లతోనే ఉండాలి. సర్వర్ తీసేసినా ఆ ఫోల్డర్‌ని పెన్‌డ్రైవ్‌లో వేసుకుని కార్లో వినగలగాలి.

రెండు, అది ఏ భాష మాట్లాడుతుంది? తనకి మాత్రమే తెలిసిన భాషైతే, దాని ఫోన్ యాప్ ఆగిన రోజే మన పనీ ఆగుతుంది. పదిమందికి తెలిసిన భాషైతే ఇంకో యాప్ చూసుకుంటాం.

మూడు, దాని బాగోగులు ఎవరు చూస్తున్నారు? గిట్‌హబ్‌లో స్టార్లు లెక్కపెట్టకండి, అవి పెళ్లిలో చదివింపుల్లాంటివి. చివరి రిలీజ్ ఎప్పుడొచ్చింది, కోడ్ రాసేది ఒక్కరేనా నలుగురైదుగురా, జనం సమస్యలు చెప్తే జవాబు వస్తోందా... ఈ మూడూ చూస్తే పది నిమిషాల్లో తెలిసిపోతుంది.

పాటలకి ఏది?

పాటలే మీ ప్రధానమైన అవసరమైతే నావిడ్రోమ్‌తో మొదలుపెట్టండి. లైసెన్సు జీపీఎల్. చాలా తేలిక, పాత ల్యాప్‌టాప్‌కే కాదు, రాస్ప్‌బెర్రీ పైకి కూడా బరువు అనిపించదు. ఒక ఫోల్డర్ చూపిస్తే అందులోని పాటల ట్యాగులు చదివి ఆల్బమ్‌లు, ఆర్టిస్టులు వేరు చేసి పెడుతుంది. మీ ఫైల్స్‌ని ముట్టుకోదు. ఇంట్లో ఒక్కొక్కరికి ఒక్కో లాగిన్ ఇవ్వొచ్చు. కాబట్టి నాన్న వినే పాత పాటలు మీ 'ఎక్కువగా విన్నవి' జాబితాలోకి రావు. సబ్‌సోనిక్ భాష తెలుసు కాబట్టి ఆండ్రాయిడ్‌లో టెంపో, అల్ట్రాసోనిక్, ఐఫోన్‌లో ఆంపర్‌ఫీ, కంప్యూటర్‌లో ఫైషిన్... ఏదైనా దీంతో కలుస్తుంది. ఇవన్నీ ఓపెన్ సోర్సే. సింఫోనియం అనే ఆండ్రాయిడ్ యాప్‌ని చాలామంది మెచ్చుకుంటారు. అది బాగుంటుంది కానీ డబ్బు పెట్టి కొనాలి, కోడ్ మూసి ఉంటుంది. అయినా నాకు పెద్ద అభ్యంతరం లేదు. సర్వర్, ఫైల్స్ మన చేతిలో ఉన్నంతవరకు ప్లేయర్ మార్చడం చొక్కా మార్చినంత పని.

ఇంట్లో టీవీ ఉంది, సినిమాలు కూడా కావాలి, రెండింటికీ రెండు సర్వర్లు ఎవడు చూస్తాడు అంటారా? అయితే జెల్లీఫిన్. టీవీకి కూడా యాప్ ఉంది. పాటల కోసం ఫోన్లో ఫిన్‌యాంప్ అనే ఓపెన్ సోర్స్ ప్లేయర్ వేసుకోవచ్చు. కాకపోతే జెల్లీఫిన్ సొంత భాష మాట్లాడుతుంది, మెషీన్ మీద బరువు కూడా నావిడ్రోమ్ కంటే ఎక్కువే.

మీ పాటలన్నీ ఫోల్డర్ల వారీగా పొందిగ్గా సర్దుకుని ఉంటే గోనిక్ చూడండి. ఇదీ గో లాంగ్వేజ్‌దే, ఇదీ సబ్‌సోనిక్ భాషే, పైగా పాడ్‌కాస్ట్‌లు కూడా చూసుకుంటుంది. అందమైన వెబ్ పేజీ మాత్రం ఆశించకండి. మీరే పాటలు కట్టి పాడే బ్యాండ్ అయితే ఫంక్‌వేల్ వేరే దారి. మాస్టోడాన్ వాడే యాక్టివిటీపబ్ పద్ధతిలోనే ఒక సర్వర్ ఇంకో సర్వర్‌తో కలుస్తుంది. ఇంట్లో వినడానికైతే అంత అక్కర్లేదు.

పాడ్‌కాస్ట్‌లకి సర్వర్ కావాలా?

నిజం చెప్పాలంటే చాలామందికి అక్కర్లేదు. పాడ్‌కాస్ట్ పుట్టుకే ఓపెన్. ప్రతి షోకీ ఒక ఆర్ఎస్ఎస్ ఫీడ్ ఉంటుంది. అంటే ఎపిసోడ్ల పేర్లు, ఆడియో ఫైల్ లింకులు వరసగా రాసిన చిట్టా. ఏ యాప్ అయినా దాన్ని చదవగలదు. ఒక్క కంపెనీ యాప్‌లోనే దొరికే 'ఎక్స్‌క్లూజివ్' షోలకి మాత్రం అలాంటి ఫీడ్ బయటికి కనపడదు. షో ఎంచుకునేటప్పుడు అదీ గుర్తుపెట్టుకోండి.

కాబట్టి ఆండ్రాయిడ్ వాళ్లకి ముందు ఆంటెనాపాడ్. ఓపెన్ సోర్స్, యాడ్స్ లేవు, అకౌంటే అక్కర్లేదు. మీ సబ్‌స్క్రిప్షన్లన్నీ ఓపీఎంఎల్ అనే ఒక్క చిన్న ఫైల్‌గా బయటికి తీసుకోవచ్చు. రేపు ఇంకో యాప్‌కి వెళ్తే ఆ ఫైల్ ఇస్తే చాలు, పాత షోలన్నీ వచ్చేస్తాయి. ఇప్పుడు మీరు వాడుతున్న పాడ్‌కాస్ట్ యాప్‌లో ఓపీఎంఎల్ ఎక్స్‌పోర్ట్ ఉందో లేదో ఈ పేజీ మూసేలోపు ఒకసారి చూడండి.

సర్వర్ ఎప్పుడు కావాలి? రెండు సందర్భాల్లో. మొదటిది, ఫోన్లో ఆపిన చోటి నుంచే కంప్యూటర్లో మొదలవ్వాలనుకుంటే. రెండోది, ఎపిసోడ్లని దాచుకోవాలనుకుంటే. ఇది చిన్న విషయం కాదు. పెద్ద సంస్థల షోలు ఏళ్లపాటు ఉంటాయేమో గానీ, ఇద్దరు ఫ్రెండ్స్ కలిసి తెలుగులో చేసిన చక్కటి పాడ్‌కాస్ట్ హోస్టింగ్ డబ్బులు కట్టడం మానేసిన రోజున మాయమైపోతుంది. ఈ పనికి ఆడియోబుక్‌షెల్ఫ్ బాగుంటుంది. కొత్త ఎపిసోడ్ వస్తే తనే దించి ఫోల్డర్లో పెడుతుంది. ఎక్కడిదాకా విన్నారో గుర్తుపెట్టుకుంటుంది. పేరులో ఉన్నట్టు ఆడియో పుస్తకాలకీ ఇదే. ఐఫోన్ వాళ్లు మాత్రం ముందు వెబ్ బ్రౌజర్‌లో వాడి చూసి, తర్వాత యాప్ సంగతి చూసుకోండి.

నావిడ్రోమ్‌కి పాడ్‌కాస్ట్‌లు రావు, ఆడియోబుక్‌షెల్ఫ్‌కి పాటలు పడవు. రెండూ చేసే యాప్ ఒకటి ఉంటే బాగుండు అనిపిస్తుంది. కానీ పాటని పదిసార్లు వింటాం, పాడ్‌కాస్ట్‌ని ఒక్కసారి, అదీ నాలుగు ముక్కలుగా వింటాం. రెండు అలవాట్లకి రెండు యాప్‌లు ఉండటమే నయం.

తెలుగు పాటలతో అసలు తలనొప్పి

యాప్ వేసుకోవడం అరగంట పని. తర్వాత తెరిచి చూస్తే నావిడ్రోమ్‌లో ఒకే సినిమా ఆరు ఆల్బమ్‌లుగా కనిపిస్తుంది. అది యాప్ తప్పు కాదు, ట్యాగుల తప్పు.

ప్రతి పాట ఫైల్ లోపల పాట పేరు, ఆల్బమ్, ఆర్టిస్ట్ లాంటి వివరాలు రాసి ఉంటాయి. వాటినే ట్యాగులు అంటారు. ఈ పద్ధతి ఒకే గాయకుడు ఆల్బమ్ మొత్తం పాడే ఇంగ్లిష్ సంగీతానికి సరిపోతుంది. మన ఆల్బమ్ అంటే సినిమా. 'సాగర సంగమం' తీసుకోండి. బాలు గారు పాడినవి, జానకి గారితో కలిసి పాడినవి, శైలజ గారు పాడినవి... 'ఆర్టిస్ట్' దగ్గర ఒక్కో పాటకి ఒక్కో పేరు. 'ఆల్బమ్ ఆర్టిస్ట్' అనే గడి ఖాళీగా ఉంటే సర్వర్ వీటిని వేర్వేరు ఆల్బమ్‌లు అనుకునే అవకాశం ఉంది. పరిష్కారం సింపుల్. సినిమా పాటలన్నిటికీ ఆల్బమ్ ఆర్టిస్ట్ దగ్గర సంగీత దర్శకుడి పేరు పెట్టండి. ఇక్కడ ఇళయరాజా. సినిమా అంతా ఒక్క చోటికి వచ్చేస్తుంది. పైగా 'ఇళయరాజా' అని నొక్కితే ఆయన సినిమాలన్నీ వరసగా ఉంటాయి.

రెండో తలనొప్పి పేర్లు. బాలు గారి పేరునే ఇంగ్లిష్ అక్షరాల్లో ఎన్ని రకాలుగా రాస్తారో మీకు తెలుసు. చుక్కలతో, చుక్కల్లేకుండా, చివర్లో 'ఎన్'తో, 'ఎమ్'తో, ఉత్త ఎస్పీబీ అని. సర్వర్‌కి వీళ్లంతా వేర్వేరు మనుషులు. ఘంటసాల అని తెలుగులో వెతికితే ఇంగ్లిష్ అక్షరాల్లో ఉన్నది దొరకదు. తెలుగు లిపా, ఇంగ్లిష్ అక్షరాలా, ఏదో ఒకటి ఖాయం చేసుకుని దానికే కట్టుబడండి. మ్యూజిక్‌బ్రెయిన్జ్ పికార్డ్ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ పాట ధ్వనిని బట్టి గుర్తుపట్టి ట్యాగులు సరిచేస్తుంది. తెలుగు పాటలు ఆ డేటాబేస్‌లో అన్నీ ఉండవు కాబట్టి కొంత చేత్తో చేసుకోవాల్సిందే. మీరు సరిచేసిన వివరాలు అక్కడ చేరిస్తే తర్వాతివాళ్లకి ఆ పని తప్పుతుంది.

ట్యాగులు సర్దడం విసుగే. కానీ ఒకసారి ఫైల్ లోపల రాశాక అది ఫైల్‌తోనే ఉంటుంది. నావిడ్రోమ్ పోయి ఇంకోటి వచ్చినా ఆ కష్టం వృథా కాదు. యాప్ లోపల చేసుకున్న ప్లేలిస్టులు, రేటింగులు మాత్రం సర్వర్ డేటాబేస్‌లో ఉంటాయి. అందుకే పాటల ఫోల్డర్‌తో పాటు ఆ డేటాబేస్ ఫైల్‌నీ బ్యాకప్‌లో పెట్టండి.

ఇల్లు దాటి బయట వినాలంటే

మన దగ్గర చాలా ఇంటర్నెట్ కనెక్షన్లకి సొంత పబ్లిక్ అడ్రస్ ఉండదు. ఎన్నో ఇళ్లకి కలిపి ఒకటే ఉంటుంది. అపార్ట్‌మెంట్ మొత్తానికి ఒకే డోర్ నంబర్ ఉన్నట్టు. కొరియర్ అబ్బాయి గేటు దాకా వస్తాడు, మీ ఫ్లాట్ ఏదో అతనికి తెలీదు. దీనికి తేలికైన దారి టెయిల్‌స్కేల్. మీ ఫోన్‌కి, ఇంటి సర్వర్‌కి మధ్య ప్రైవేట్ దారి వేస్తుంది. లోపల వైర్‌గార్డ్ అనే ఓపెన్ సోర్స్ టెక్నాలజీ ఉంది. టెయిల్‌స్కేల్‌లో కంపెనీ చేతిలో ఉండే భాగం కూడా వద్దనుకుంటే హెడ్‌స్కేల్ ఉంది, కానీ మొదటి రోజే అంత దూరం వెళ్లకండి.

ఈ ప్రైవేట్ దారి వల్ల ఇంకో లాభం, సర్వర్ ప్రపంచానికంతా కనపడదు. అది మంచిదే. సబ్‌సోనిక్ భాష పాతది. అందులోని లాగిన్ పద్ధతి కోసం సర్వర్ మీ పాస్‌వర్డ్‌ని మళ్లీ చదవగలిగే రూపంలో దాచుకోవాల్సి వస్తుంది. అందుకని జీమెయిల్‌కో బ్యాంక్‌కో వాడే పాస్‌వర్డ్ ఇక్కడ పెట్టకండి, దీనికే కొత్తది పెట్టుకోండి. లింక్ అందరికీ పంచేస్తే కాపీరైట్ గొడవలు వస్తాయన్నది కూడా మర్చిపోవద్దు. కొన్న సీడీలు, కొన్న ఫైల్స్, మీ సొంత రికార్డింగులు, మీ ఇంట్లోవాళ్లు. అక్కడితో ఆపండి.

డేటా లెక్క కూడా చూద్దాం. 320 కేబీపీఎస్ ఎంపీ3 గంట వింటే 144 ఎంబీ అవుతుంది. సీడీ క్వాలిటీ ఫ్లాక్ ఫైల్ అయితే 300-400 ఎంబీ దాకా లాగుతుంది. రోజుకి 1.5 జీబీ ప్యాక్‌లో అది దెబ్బే. ఇలాంటప్పుడు సర్వర్‌ని అప్పటికప్పుడు చిన్నది చేసి పంపమనొచ్చు. ఓపస్ ఫార్మాట్‌లో 96 కేబీపీఎస్ పెడితే గంటకి 43 ఎంబీ. బస్సు రొదలో, మామూలు ఇయర్‌ఫోన్స్‌లో తేడా కనిపెట్టడం కష్టం. కరెంటు సంగతంటారా, 10 వాట్లు తినే మెషీన్ రోజంతా నడిస్తే నెలకి 7 యూనిట్ల చిల్లర.

ఇదంతా ఎవరికి?

మా బాబాయి కొడుకు బీటెక్ సెకండియర్. సర్వర్ చూపిస్తుంటే అడిగాడు: "అన్నా, నెలకి వంద చిల్లర కడితే కోట్ల పాటలు వస్తున్నాయి. ఇదంతా ఎందుకు?"

"డబ్బు కోసమైతే వద్దులేరా. ఇందులో ఏం మిగలదు," అన్నాను. అదే నిజం. నిన్న విడుదలైన పాట మీ సర్వర్లో ఉండదు. 'మీకు ఇది కూడా నచ్చొచ్చు' అని కొత్త పాట వెతికి పెట్టేవాళ్లూ ఉండరు. హార్డ్‌డిస్క్ పోతే చూసుకోవాల్సింది మీరే. కొత్త పాటలు మాత్రమే వినేవాళ్లకి స్ట్రీమింగ్ యాపే సరైనది. నేనూ ఒకటి ఉంచుకున్నాను.

తర్వాత వాడికి ఒక ఆల్బమ్ తెరిచి చూపించాను. ఆర్టిస్ట్ దగ్గర మా నానమ్మ పేరు. ఆవిడ పాడిన మంగళహారతులు, పెళ్లి పాటలు 11 ఉన్నాయి. అత్తయ్య ఎప్పుడో ఫోన్లో రికార్డ్ చేసి వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌లుగా పంపింది. అవి అప్పటికే ఓపస్ ఫైల్స్. పేర్లు పెట్టి, ట్యాగులు రాసి, ఫోల్డర్లో వేశాను. నానమ్మ ఇప్పుడు లేదు. ఒక పాటలో మధ్యలో ఆగి, "ఆ తర్వాత చరణం ఏంటే?" అని అత్తయ్యని అడుగుతుంది. అదీ అలాగే ఉంది.

వాడు కాసేపు విని, "అన్నా, నాకూ ఒక లాగిన్ ఇవ్వవా?" అన్నాడు.

కోట్ల పాటలున్న ఏ యాప్‌లోనూ ఈ 11 ఉండవు. ప్రతి ఇంట్లోనూ ఇలాంటివి ఎన్నో కొన్ని ఉంటాయి. తాతయ్య చెప్పిన కథలు, ఊళ్లో భజనల రికార్డింగులు, అటక మీది క్యాసెట్లు. అవి ఎవరో ఒకరి ఫోన్లో, 'స్టోరేజ్ ఫుల్' అన్న రోజున డిలీట్ కావడానికి సిద్ధంగా ఉంటాయి.

అందుకని ఈ వీకెండ్ పని వరస ఇది. శనివారం పొద్దున్న ఒక ఫోల్డర్ చేసి, ముందుగా ఇంట్లోవాళ్ల గొంతులు అందులో వేయండి. సాయంత్రం నావిడ్రోమ్ పెట్టి ఆ ఫోల్డర్ చూపించండి. పాడ్‌కాస్ట్‌లకి ఆంటెనాపాడ్ వేసి, ఓపీఎంఎల్ ఫైల్ ఒకటి పక్కన పెట్టుకోండి. ఆదివారం మీకు బాగా ఇష్టమైన పది సినిమాల ట్యాగులు మాత్రం సర్దండి, 2,000 పాటలు ఒకేసారి నెత్తినేసుకోవద్దు. చివరగా టెయిల్‌స్కేల్ వేసి, వైఫై ఆపి, వీధి చివరి టీ కొట్టు దగ్గర ఒక పాట విని చూడండి.

అన్నీ కుదిరాక ఆ ఫోల్డర్‌కి ఇంకో కాపీ వేరే డిస్క్ మీద తీసి ఉంచండి. బ్యాకప్ ఎలా చేయాలో, ఎన్ని చోట్ల ఉంచాలో వచ్చే వారం మాట్లాడుకుందాం.